గుంజ మీద బొగ్గు గీత

పికప్పు బండికి పక్క మెట్టు ఎందుకని ఆ బండి తయారుచేసినవాణ్ణి అడిగితే, ముందు సీట్లో కూర్చునేవాడు కాలు పెట్టి ఎక్కడానికి అంటాడు. ఆ మహానుభావుడు అరకు సంత చూసి ఉండడు. శుక్రవారం పొద్దున కొండల మీంచి దిగే ఏ పికప్పునైనా చూడండి. వెనక అల్లం బస్తాలు, బస్తాల మీద ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు, పిల్లల కాళ్ల దగ్గర కోళ్లు. ఇక మగవాళ్లంతా పక్క మెట్ల మీదే. ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ చుట్ట కాలుస్తూ, ఘాట్ రోడ్డు మలుపుల్ని వంగి వంగి పలకరిస్తూ దిగుతారు. ఆ మెట్టు ఊడిందా, సగం ఊరు రోడ్డు మీద ఉంటుంది. అందుకని ఇక్కడ మెట్టు బిగించేవాడి చెయ్యి నమ్మకమైనది కావాలి.

గాసి చెయ్యి నమ్మకమైనదే. అరకు రోడ్డు పక్కన వీరభద్రరావు వెల్డింగ్ షాపులో మీసం రాని వయసులో చేరాడు. ఇప్పుడా మీసం నెరిసింది. ఛాసిస్‌కి బెజ్జం కొట్టడం అతనికి గిట్టదు, ఇనుముకి నొప్పెడుతుందంటాడు. యూ బోల్టులతో పట్టీ బిగించి, పట్టీకి రెండు ఇనప యాంగిల్ ముక్కలు వేలాడదీసి, వాటి మీద గరుకు రేకు పరుస్తాడు. టేపు ఉంది కానీ వాడడు. ఒక వెదురు పుల్ల కోసి, ఎత్తు ఎంత కావాలో అంతకు తెంపుకుంటాడు. అన్నీ అయ్యాక తనే మెట్టెక్కి రెండు కాళ్లతో ఎగిరి దూకుతాడు. మెట్టు ఏమాత్రం మూలిగినా మళ్లీ మొదటికొస్తాడు.

"ఏటిరా గాసీ, మెట్టు బిగిత్తన్నావా, పెళ్లికూతుర్ని ముస్తాబు సేత్తన్నావా? బేగి కానీ, బేరం ఎలిపోద్ది" అని వీరభద్రరావు అరుస్తుంటాడు. విజయనగరం వైపునుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టుకున్న మనిషి. నోరు పెద్దది, మనసు మరీ చెడ్డది కాదు.

గాసిది పనసగుడ. అరకు దాటి, గెడ్డ అనే కొండవాగు దాటి, ఆ పైన రాళ్ల బాట పట్టుకుని ఎక్కితే వస్తుంది. ఇంట్లో ముగ్గురు. తల్లి నూకరత్నానికి చూపు ఆనదు. పెళ్లాం జ్వరమొచ్చి పోయి చాలా కాలమైంది, మళ్లీ చేసుకోలేదు. తమ్ముడు కామేష్ కేరళలో మేడలు కట్టే పనికి పోయాడు. కామేష్ పెళ్లాం భాను ఇక్కడే ఉంది. నవ్వితే పక్కింటికి వినపడే పిల్ల, నడిస్తే పరుగే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కింద దేశంలో బావామరదళ్లంటే పరాచికాలూ ఎకసెక్కాలూనూ. గాసి వాళ్లలో అలా కుదరదు. మొగుడి అన్న అంటే మామగారి కంటే ఒక మెట్టు ఎక్కువ. తమ్ముడి పెళ్లాన్ని అతను ముట్టుకోకూడదు. ఆమె అతన్ని పేరుపెట్టి గానీ వరసపెట్టి గానీ పిలవకూడదు, మొహంలోకి చూసి మాట్లాడకూడదు. అతను కూర్చున్న చాప మీద ఆమె కూర్చోదు. పొరపాటున చెయ్యి తగిలితే ఊరు తప్పు వేస్తుంది, మేకని కోసి అందరికీ పెట్టాలి. పెట్టినా ఆ మాట పోదు.

మరి ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోకుండా ఎలా? దానికీ దారి ఉంది. నూకరత్నం మెలకువగా ఉంటే ఆమె ద్వారా. ముసలమ్మ నిద్రపోతే కుండలూ మేకలూ ఉండనే ఉన్నాయి.

"కుండా, అంబలి అయినాది. తాగేవోలుంటే తాగమను" అంటుంది భాను పొయ్యి దగ్గర్నుంచి.

"మేకా, సంచిలో ఉప్పున్నాది, తీసుకోమని సెప్పు" అంటాడు గాసి అరుగు మీంచి. మేక నెమరు వేస్తూ ఇద్దర్నీ చూసేది. ఈ భాగోతం తెలిసి వీరభద్రరావు పడీ పడీ నవ్వి, "మీ ఇంట్లో మేకకి జీతమియ్యాలిరా" అన్నాడు.

కానీ ఆ మర్యాదలో ఒక ప్రేమ ఉండేది. అతనికి కారం పడదని కుండకి తెలుసు. ఆమెకి ఎర్ర గాజులిష్టమని మేకకి తెలుసు. సంత నుంచి వచ్చిన గాజుల పొట్లం మేక మెడకి కట్టి ఉండేది.

పోయిన వానల్లో అదంతా పోయింది.

పనసగుడకి వచ్చే పికప్పు ఒక్కటే, మంగరాజుది. అప్పుడే కొత్తగా కొన్నాడు. దానికి పక్క మెట్టుగా తళతళలాడే గుండ్రటి స్టీలు పైపు కావాలన్నాడు. గాసి వద్దన్నాడు. "తడి కాలు నిలవదు మంగరాజూ. గరుకు రేకు ఏత్తాను, ఇను" అన్నాడు. మంగరాజు వినలేదు. సినిమాలో హీరో బండికి పైపే ఉంటుందన్నాడు. సరే, డబ్బులిచ్చేవాడి మాట. గాసి పైపే బిగించాడు.

ఒక శుక్రవారం సన్నగా వాన పడుతోంది. భాను నెత్తిన అల్లం గంపతో పికప్పు ఎక్కుతోంది. గంప పైనున్నవాళ్లకి అందించి, పైపు మీద కాలు పెట్టి, రెండో కాలు ఎత్తింది. పైపు మీద కాలు జారింది. గాసి ఆమె వెనకే ఉన్నాడు, ఎక్కే వంతు కోసం. ఆమె చెయ్యి గాలిలో పక్కకి, అతని వైపుకే వచ్చింది. పట్టుకోడానికి అడుగు కూడా వెయ్యక్కర్లేదు. గాసి చెయ్యి లేచింది, రొమ్ము దాకా వచ్చింది, అక్కడ ఆగింది.

అంతే. భాను వెనక్కి రాళ్ల మీద పడింది. తొడ ఎముక విరిగిన చప్పుడు బస్తాల మీద కూర్చున్నవాళ్లకి కూడా వినపడింది.

ఎవరూ గాసిని ఒక్క మాట అనలేదు. అనకపోగా, ఊరి పెద్ద భీమన్న ఆ సాయంత్రం నలుగురి ముందూ, "గాబరాలో కూడా గాసి మరియాద తప్పనేదు. ఇప్పటి కుర్రోళ్లయితే పట్టీసుకుందురు" అని మెచ్చుకున్నాడు. గాసి తల వంచుకుని విన్నాడు. ఆ మెప్పు అతనికి అన్నంలో రాయిలా తగిలింది. ఉమ్మలేడు, మింగలేడు.

కింద పెద్దాసుపత్రిలో తొడలో కడ్డీ వేశారు. కామేష్ కేరళ నుంచి వచ్చి, పెళ్లాం పక్కన కొన్నాళ్లు కూర్చుని, పని పోతుందని మళ్లీ వెళ్లిపోయాడు. ఎముక అతికింది గానీ పైన పుండు మానలేదు. కుట్లు వేసినచోట చీము. అరకు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "వారం వారం వచ్చి కట్టు మార్పించుకోవాలి. ఏ వారం మానినా చీము లోపలికి దిగుతుంది. దిగితే కాలు తీసెయ్యాలి." అంబులెన్సు గెడ్డ అవతలే ఆగిపోతుంది, పైకి రాదు. కాబట్టి భాను కాలు దక్కాలంటే ప్రతి శుక్రవారం మంగరాజు పికప్పు ఎక్కాలి. ఆ కాలికీ ఆసుపత్రికీ మధ్య ఉన్నది ఆ ఒక్క మెట్టే.

మొదటి వారం మంగరాజూ ఇంకో ఇద్దరూ కలిసి ఆమెను వెదురు మోపులా ఎత్తి సీట్లో పెట్టబోయారు. కట్టున్న కాలు తలుపుకి కొట్టుకుంది. ఆ కేకకి కొండ మీది కాకులు లేచాయి. కొందరు కుర్రాళ్లు నవ్వారు కూడా. వాళ్ల నోళ్లు పడిపోను, ఏం చూసి నవ్వారో. ఇంటికొచ్చాక భాను గోడకి ఆనుకుని, పొయ్యి వైపు తిరిగి అంది.

"కుండా, ఇంక నన్నెవులూ ఎత్తొద్దు. ఎక్కగలిగితే నానే ఎక్కుతాను. నేపోతే ఈడే పడుంటాను."

స్టూలు వేసి చూశారు. పనసగుడలో చదునైన నేల ఎక్కడుంది? బురదలో స్టూలు ఒరిగింది, ఆమె వెనక్కి వచ్చేసింది. ఒకసారి పడ్డ మనిషి కదిలే దాని మీద కాలు పెట్టలేదు. బండితో పాటు గట్టిగా ఉండే మెట్టే కావాలి, ఆమెకి సరిపోయే ఎత్తులో.

గాసి అదే రోజు పైపు పీకి పారేశాడు. మంగరాజుని అడగను కూడా అడగలేదు. గరుకు రేకు కోశాడు, యాంగిల్ కోశాడు. కానీ ఎత్తు ఎంత? వేరేవాళ్లెవరైనా అయితే నిలబడమని, కాలెత్తమని, పుల్ల పెట్టి చూసేవాడు. ఇక్కడ దగ్గరికే పోకూడదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, చివరికి మేకని పిలిచాడు.

"మేకా, అడుగు ఎంత ఎత్తుకి లేత్తాదో ఆ గుంజ మీద గీత గియ్యమని సెప్పు. నాను అటు ఎల్తాను."

అతను వాగు దాకా వెళ్లి వచ్చేసరికి అరుగు గుంజ మీద బొగ్గుతో ఒక అడ్డగీత ఉంది. మంచి కాలు పైకి లేపాలంటే కట్టున్న కాలి మీద నిలబడాలి కదా. ఆ నొప్పి ఓర్చుకోగలిగినంతలో మంచి పాదం ఎంత పైకి లేస్తే, అదీ ఆ గీత. గాసి వెదురు పుల్లని నేల మీద ఆనించి, గీత దగ్గర తెంపాడు. ఆ పుల్లని చొక్కా జేబులో పెట్టుకుని పొద్దున్నే షాపుకి దిగాడు.

ఆ శుక్రవారం భాను కర్ర పక్కకి ఇచ్చేసి, తలుపు కడ్డీ పట్టుకుని, మెట్టు మీద పాదం మోపింది. మెట్టు కదల్లేదు. రెండో కాలు లాక్కుంది, సీట్లోకి జరిగింది. ఒళ్లంతా చెమట, పళ్లు బిగించి ఉంది. కూర్చున్నాక పికప్పు తలుపు మీద చెయ్యి వేసి, "బండీ, మెట్టు బాగున్నాది" అంది.

ఆ రోజు షాపులో గాసి కూనిరాగం తీస్తూ పని చేశాడు. వీరభద్రరావు ఆశ్చర్యపోయి, "ఏటిరోయ్, లాటరీ తగిలినాదేటి?" అన్నాడు.

కానీ తర్వాత వారం గీత కిందికి దిగింది. రెండు వేళ్లు. గాసి యాంగిల్ ముక్కలకి అతుకు వేసి మెట్టు దించాడు. ఆ తర్వాత వారం ఇంకొంచెం. పాత గీతను ఆమె చెరపడం లేదు. గుంజ మీద గీతలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. పక్కింటి పిల్లలు అది ఏదో ఆట అనుకుని తామూ బొగ్గు తెచ్చుకుంటే నూకరత్నం కర్ర విసిరింది. షాపులో గాసి తెంపిన పుల్లలు మూల పడి ఉన్నాయి. వాటిని పారెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. కాలు బాగుపడుతుంటే గీత పైకి పోవాలి కదా అని అతనికి తెలుసు. తెలిసి ఏం చెయ్యగలడు? డాక్టరు కాదు, మొగుడు కాదు. చేతికొచ్చింది మెట్టు దించడమే, దించాడు.

దించడానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు పేరు గెడ్డతల్లి.

గెడ్డ దాటగానే బాట మధ్యలో ఒక రాయి, గేదె వీపులా నున్నగా లేచి ఉంటుంది. పనసగుడవాళ్లకి అది అమ్మవారు. చైత్రంలో వచ్చే ఇటుకల పండగకి దాని మీదే మొదటి కోడిని కోస్తారు. రోడ్డు వేసిన కాంట్రాక్టరు కూడా దాన్ని ముట్టుకోలేక అటూ ఇటూ మెటల్ పోసి వెళ్లిపోయాడు. బండి దాని పక్కనుంచి ఒరుగుతూ పోవాల్సిందే. మెట్టు ఒక ఎత్తుకి మించి దిగితే రాయికి తగులుతుంది. మొదట గీరుకుంది. తర్వాత గట్టిగానే తగిలింది.

గాసి బుర్ర ఊరుకోలేదు. యాంగిల్ ముక్కలకి వరసగా బెజ్జాలు వేసి, బోల్టు మార్చి మెట్టుని పైకీ కిందికీ జరుపుకునేలా చేశాడు. ఊళ్లో దించాలి, ఆమె ఎక్కాక పైకి లేపి బోల్టు బిగించాలి, ఆసుపత్రి దగ్గర మళ్లీ దించాలి. స్పానరు కూడా తనే కొని మంగరాజు సీటు కింద పెట్టాడు. కొన్ని వారాలు బాగానే సాగింది. వెనక బస్తాల మీదున్నవాళ్లు మాత్రం, "ఇదేటి, రైలు ఇంజనా? ఎంతసేపు?" అని గొణిగారు. సంతకి ఆలస్యమైతే అల్లం ధర పడిపోతుంది. వాళ్ల బాధ వాళ్లది.

ఒక వారం గాసి షాపులో పని మీద ముందే దిగిపోయాడు. మంగరాజు తొందరలో మెట్టు పైకి లేపడం మర్చిపోయాడు. గెడ్డతల్లికి మెట్టు అడ్డంగా కొట్టుకుంది. యాంగిల్ వంగి వెనక్కి పోయింది, బండి గెడ్డ వైపు ఒరిగి అలాగే నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ రెండు కోళ్ల గంపలు నీళ్లలో కొట్టుకుపోయాయి.

ఆ సాయంత్రం మంగరాజు గాసి ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. వెనక పదిమంది ఉన్నారు, భీమన్న కూడా ఉన్నాడు.

"ఇంక బోల్టులూ గీల్టులూ నావల్ల కాదు గాసన్నా. ఒకటే ఎత్తు. రాయికి తగలకుండా ఉండాల. అంతకి కిందికి దిగిందా, నా బండి పనసగుడ రాదు. కిందనే గెడ్డకాడ ఆపీత్తాను" అన్నాడు.

"ఒక్క కాలు కోసం ఊరంతా గెడ్డదాకా బస్తాలు మొయ్యాలేటిరా?" అన్నాడు భీమన్న. కోపంగా అనలేదు. అలా అనడమే ఎక్కువ కష్టంగా ఉంది.

ఇంట్లో చీకట్లో భాను కూర్చుని ఉంది. తలుపు తీసే ఉంది. ప్రతి మాటా ఆమెకి వినపడింది.

మర్నాడు గాసి షాపుకి పోతూ సమ్మెట ఒకటి వెంట తీసుకుపోయాడు. గెడ్డ దగ్గర ఎవరూ లేరు. రాయి ముందు నిలబడ్డాడు. దాని పైన పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది, పోయిన పండగ నాటి కోడి ఈకొకటి అంటుకుని ఉంది. ఒక్క జానెడు చెక్కితే చాలు. సమ్మెట ఎత్తాడు. ఆ చెయ్యి మళ్లీ అంతే, భుజం దాకా లేచి ఆగింది. అమ్మవారిని కొడితే ఆ పాపం తనకి తగిలితే పరవాలేదు, భాను కాలికి తగిలితే? ఇలాంటి ఆలోచన వచ్చాక ఏ మనిషి చెయ్యి కిందికి దిగుతుంది? సమ్మెట భుజాన వేసుకుని, రాయికి దండం పెట్టి, చాతకాని ఏడుపు ఏడుస్తూ షాపుకి నడిచాడు.

రాయికి తగలని ఎత్తు ఎంతో అతనికి తెలుసు. దానికీ ఒక పుల్ల తెంపి ఉంచాడు. భాను చివరి గీత దానికంటే బాగా కింద ఉంది. ఆ రెండు పుల్లలూ పక్కపక్కన పెట్టుకుని ఆ వారమంతా చూస్తూ కూర్చున్నాడు. ఎటు చూసినా ఆ తేడా అంతే ఉంది.

సంతకి రెండు రోజుల ముందు, సాయంత్రం ఇంటికొచ్చి అలవాటుగా గుంజ వైపు చూశాడు. అక్కడే నిలబడిపోయాడు. కొత్త గీత పడింది. పైన! అన్ని గీతల కంటే పైన. జేబులోంచి ఆ రాయి కొలత పుల్ల తీసి ఆనించి చూశాడు. దానికంటే నాలుగు వేళ్లు ఎక్కువే ఉంది.

"మేకా," అన్నాడు. "మేకా, కాలు నయమవుతున్నాదేటి?"

లోపల్నుంచి భాను గొంతు వచ్చింది, హుషారుగా. "మేకా, అవుతున్నాదని సెప్పు. మెట్టు పైకి ఏసీసినా పరవానేదని సెప్పు."

"అవునేటే గుంటా?" అని నూకరత్నం గుడ్డికళ్లు విప్పి అడిగింది.

"అవునత్తా."

గాసి నమ్మాడు. చీము వాసన ఇంట్లో ఇంకా ఉంది, అయినా నమ్మాడు. పసుపు ఎక్కువ పెడుతోంది, దాని వాసన అనుకున్నాడు. నమ్మడం తప్ప ఇంకో దారి లేనప్పుడు మనిషి దేన్నయినా నమ్ముతాడు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు షాపులో వంగిన యాంగిల్ తీసేసి కొత్తది కోశాడు. ఇక ఎత్తు మార్చే అవసరం లేదని బెజ్జాలూ బోల్టులూ ఏమీ పెట్టలేదు. రాయికి తగలని ఎత్తులో మెట్టుని నిలిపి వెల్డింగే కొట్టేశాడు. గ్రైండరు పట్టి అంచులు నున్నగా చేశాడు, కాలికి గీసుకోకుండా. నల్ల పెయింటు వేశాడు. పైకెక్కి రెండు కాళ్లతో దూకాడు. మెట్టు కిక్కురుమనలేదు.

వీరభద్రరావు మూలనున్న పుల్లలు ఒక్కొక్కటీ తీసి చూశాడు. ఒకదానికంటే ఒకటి పొట్టి. కొత్త పుల్ల వాటి పక్కన పెట్టాడు.

"ఇదేటిరా, ఇది ఒక్కసారే ఇంత పొడుగున్నాది?"

"నయమవుతున్నాది బాబూ."

"అంత బేగి నయమవుద్దేటిరా?" అన్నాడు. గాసి మొహం చూశాడు. పుల్లలు మళ్లీ మూలనే పెట్టేసి, "టీ తాగుదాం రా" అన్నాడు. ఎప్పుడూ అలా పిలిచే మనిషి కాదు.

శుక్రవారం పొద్దున మంచు దట్టంగా ఉంది. పికప్పు వచ్చి ఇంటి ముందు ఆగింది. బస్తాలు ఎక్కాయి, మేకలు ఎక్కాయి, జనం ఎక్కారు. భీమన్న కూడా వెనక కూర్చున్నాడు. మగవాళ్లు కుడిపక్క మెట్టు నిండా నిలబడ్డారు. ఎడమపక్క కొత్త మెట్టుని మాత్రం భాను కోసం ఖాళీగా వదిలారు.

భాను కర్ర ఊతంగా వేసుకుంటూ వచ్చింది. మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, ఎర్ర గాజులు వేసుకుంది. గాసి నాలుగడుగుల దూరంలో తల పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు, ఎప్పటిలాగే. అయినా ఓరగా మెట్టు వైపే చూస్తున్నాడు. తన పని ఎలా ఉందో చూసుకోవాలి కదా.

ఆమె కడ్డీ పట్టుకుంది. మంచి కాలు లేపింది. ఆ పాదం మెట్టుకి సగంలో ఆగింది. దించి, ఊపిరి తీసుకుని మళ్లీ లేపింది. ఈసారి అంత కూడా లేవలేదు. కట్టున్న కాలు లంగా కింద వణకడం గాసికి కనిపించింది. ఆ కాలు పాదం దాకా వాచి ఉంది. అప్పుడు అర్థమయింది అతనికి. ఆ గీత కాలెత్తి గీసింది కాదు, వంగి గీసింది. ఊరికి బండి రావాలని గీసింది. తనేమో దాన్ని కొలిచి, కోసి, వెల్డింగ్ కొట్టి, పెయింటు కూడా వేశాడు. ఇక దించడానికి ఒక్క బోల్టు లేదు.

"ఓలమ్మా, బేగి ఎక్కు, సంత అయిపోద్ది" అన్నారెవరో వెనకనుంచి.

"బండీ, ఒక్క నిముసం ఆగు" అంది భాను, మెట్టునే చూస్తూ. పెదాలు బిగించి మూడోసారి కాలెత్తింది. కట్టున్న కాలు మోకాలి దగ్గర మడత పడింది. కడ్డీ మీంచి చెయ్యి జారింది. జారిన చెయ్యి గాలిలో పక్కకి వచ్చింది.

గాసి పట్టుకున్నాడు.

ఎప్పుడు కదిలాడో అతనికే తెలీదు. ఒక చెయ్యి ఆమె మణికట్టు మీద ఉంది, రెండో చెయ్యి వీపు కింద ఉంది. గాజులు రెండు చిట్లి కింద పడ్డాయి. భీమన్న మొహం అటు తిప్పుకున్నాడు. మేక కొయ్యాలని గాసికి తెలుసు, ఆ మాట పోదనీ తెలుసు. ఆ క్షణంలో అవేవీ తోచలేదు. తోచింది ఒకటే, ఆమె ఒళ్లు కాలిపోతోంది. ఎన్నాళ్లనుంచో ఉన్న జ్వరం అది. నాలుగడుగుల దూరంలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? ముట్టుకుంటే కదా తెలిసేది.

ఆ కాలు దక్కలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేసుకోవడం మేలు, చివరిదాకా దాచి చెప్పేంత గొప్ప వార్త కాదది. ఆ రోజు డాక్టరమ్మ కట్టు విప్పి, కింద పెద్దాసుపత్రికి చీటీ రాసింది.

కానీ అది తర్వాత. ఇప్పుడింకా పనసగుడలోనే ఉన్నారు, గాసి చేతుల్లోనే ఉంది ఆమె. బరువే లేదు, అల్లం గంపంత కూడా లేదు. ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. కాలు తలుపుకి తగలకుండా ఒడుపుగా లోపల పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకోబోతే ఆమె వదల్లేదు. అతని అరచేతిని తిప్పి చూసింది. కాలిన మచ్చలు, ఇనప రజను, గోళ్ల కింద నల్ల పెయింటు. తర్వాత తలెత్తి, ఆ ఇంటికి కోడలుగా వచ్చాక మొదటిసారి, అతని మొహంలోకి సూటిగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"బావా," అంది. "ఈ సెయ్యి ఆ యేల ఎక్కడున్నాది?"

అడ్డం పెట్టుకుని జవాబు చెప్పడానికి గాసికి ఇప్పుడు మేక లేదు, కుండ లేదు.

మంగరాజు ఇంజను స్టార్ట్ చేశాడు. గాసి తలుపు వేసి, ఆమె కిటికీ పక్కనే కొత్త మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పికప్పు మంచులోకి దిగింది. గెడ్డ దగ్గర అందరూ అలవాటుగా ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు. బండి ఒరిగి, రాయి పక్కనుంచి మెల్లగా జరిగి, అవతలికి చేరింది. మెట్టు రాయికి ఎక్కడా తగల్లేదు.